రొట్టె పెట్టిన చెయ్యి

మా ఇంట్లో ఎండాకాలానికి ముందొచ్చే రోజులు కోయిలతో మొదలు కావు, డ్రమ్ములతో మొదలవుతాయి. శివరాత్రి చలి పోయీపోకముందే మా ఆవిడ పశువుల కొట్టం పక్కన నీలం డ్రమ్ములు బారుగా నిలబెడుతుంది. వాటిలో ఆవు పేడ, ఆవు పంచకం, నల్ల బెల్లం, శనగపిండి, గట్టు మీది పిడికెడు మన్ను వేసి, నీళ్లు పోసి, పొద్దున ఒకసారి, మాపున ఒకసారి కర్రతో తిప్పుతుంది. దాని పేరు జీవామృతం. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ ముక్కు లేనివాడై ఉండాలి.

మూత తీసిన రోజున మా చేనుకూ ముంబై హైవేకూ మధ్య గాలి బరువెక్కుతుంది. ఝరాసంగం వైపు పోయే షేర్ ఆటోలో జనం ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని కూడా మా మలుపు రాగానే మాట ఆపేస్తారు. మా చేను దాటేదాకా అందరిదీ ఒకటే మతం, ఊపిరి బిగబట్టే మతం. కొత్త ట్రాక్టర్లు ఎక్కించుకుని పోతున్న ఒక లారీ డ్రైవరు మా గేటు ముందు బండి ఆపి, కింద ఏదో చచ్చి ఇరుక్కుందని చక్రాల మధ్య పడుకుని టార్చిలైటు వేసి వెతికాడు. నేను వెళ్లి విషయం చెబితే నమస్కారం పెట్టి, ఆ నమస్కారం పెట్టిన చేతుల్తోనే ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు.

నా సంగతి కూడా చెప్పాలి. జహీరాబాద్‌లో చాలా ఏళ్లు మోటారు సామాన్ల దుకాణం నడిపి, మోకాళ్లు అరిగాక వ్యవసాయంలో దిగినవాణ్ణి. నేను రైతునంటే మా ఆవులు నమ్మవు. గడ్డిమోపు నేను తెస్తే వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని మెడ చాచి చూస్తాయి. చేను నడిపేది మా ఆవిడ. పట్టా ఉన్నది మా అమ్మ పేరు మీద. వీళ్లిద్దరి మధ్య నా ఉద్యోగం ఏమిటంటే, ఒకరి మాట ఇంకొకరికి చేరేసే లోపల మరిచిపోవడం.

ఈ కథంతా బాయికాడి చెక్క గురించి. అంటే బావి పక్కన ఉన్న అర ఎకరం ఎర్ర నేల. మిగతా చేనంతా జొన్న, కంది, శనగ అని వానమీద బతికేదే గానీ, నీళ్లు అందే నేల అదొక్కటే. అందుకని దానికి మా ఇంట్లో రాజధానికి ఉండేంత విలువ. కిందటేడు మా ఆవిడ అందులో సంచి ఎరువు ఒక్క గుప్పెడు కూడా వేయకుండా అల్లం పెట్టింది. మా రెండు ఆవులు ఎంత మనసుపెట్టి పేడ వేసినా అర ఎకరం కడుపు నిండలేదు. అల్లం తవ్వితే చిటికెన వేలంత లేదు.  మా అమ్మ ఆ అల్లాన్ని రోజూ చాయ్‌లో వేయించుకుని, తాగిన ప్రతిసారీ గ్లాసులోకి కళ్లు చిట్లించి వెతికేది. అంతకంటే తిట్టు ఉంటుందా?

మా పెద్దనాన్న కొడుకు, నాకు అన్న వరస, మా ఆవిడకు బావ. అతని చేను మా బావికి అవతలి పక్క. చెరుకు వేస్తాడు, నీళ్లందని చోట శనగ. అతని చెరుకు తోట చూస్తే ఎండాకాలంలో కూడా కళ్లు చల్లబడతాయి. ఆ తోట తాగే నీళ్లు చూస్తే గుండె చల్లబడుతుంది, వేరే రకంగా. అతను వచ్చి, బాయికాడి చెక్క తనకిస్తే ఈ ఏడు చెరుకు పెట్టుకుంటానని మా అమ్మను అడిగాడు. మా అమ్మ అప్పుడే తీర్పు చెప్పేసింది. ఉగాది నాటికి ఆ చెక్క మొత్తం ఎరువు మీద ఉంటే కోడలు అల్లం పెట్టుకోవచ్చు. లేకపోతే అన్న చెరుకు పెడతాడు. చెరుకు గడ నాటడానికి అప్పటికే ఆలస్యమవుతోంది కాబట్టి ఉగాది దాటి ఒక్క పూట కూడా లేదు.

మా ఆవిడ సరేనంది. సరేననేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది గానీ, ఆ పూట రొట్టె నా కంచంలో పడిన చప్పుడుకు పిల్లి లేచి వాకిట్లోకి పోయింది.

పేడ కొనుక్కొస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు, నాకూ తోచింది. ఒక ట్రాక్టరు పేడ తెప్పించాను కూడా. మా ఆవిడ అందులోంచి ఒక చెప్పు, రెండు సెలైన్ సీసాలు, పాల ప్యాకెట్లు, ఒక చిన్న పిల్లాడి ప్లాస్టిక్ కారు తీసి గట్టు మీద వరసగా పెట్టింది. కారుకు మూడు చక్రాలే ఉన్నాయి, నాలుగోది ఇంకా నేలలో ఉందేమోనని నా వంక చూసింది. ఇక కొనుడు మాట ఎత్తలేదు. మిగిలిన దారి ఒకటే, గొర్ల మంద.

మా వైపు సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. జొన్న, శనగ కోతలు అయిపోయాక కర్ణాటక వైపు నుంచి గొర్ల మందలు మా ఊళ్ల మీదుగా దిగుతాయి. పగలంతా ఎక్కడెక్కడో మేసిన గొర్రెలు రాత్రి ఎవరి చేనులో పడుకుంటే ఆ చేనుకు ఎరువు. పొద్దున లేచేసరికి నేలంతా మిరియాలు ఆరబోసినట్టు ఉంటుంది. ఒక్క రాత్రి మందతో పడిన బలం మూడు పంటలదాకా దిగదని మా ఊళ్లో అంటారు. మా ఆవిడ లెక్కలో అయితే ఆ మిరియాలతో మనిషి పోయిన ప్రాణం కూడా తిరిగొస్తుంది.

మంద కాపరికి తర్వాత గింజలో మరొకటో ఇచ్చుకునేది ఉండనే ఉంటుంది. కానీ ఈ రాత్రి మంద ఎవరి చేనులో అన్నది తేల్చేది మాత్రం జొన్న రొట్టె. ఆ పూట కాపరి ఎవరి చేతి రొట్టె తింటే గొర్రెలు వాళ్ల చేనులో కూర్చుంటాయి. రాత పని లేదు, సాక్షులు లేరు. రొట్టె తిన్నాడా, అయిపోయింది. ఊళ్లో పెద్ద పెద్ద భూముల వాళ్లు కూడా ఈ రోజుల్లో సద్ది మూట పట్టుకుని మంద వెనకాల వినయంగా నడుస్తారు.

ఉగాది దగ్గరపడుతుండగా హైవే దాటి ఒక మంద మా దారిలో దిగిందని తెలిసింది. మా ఆవిడ తెల్లవారకముందే లేచి రొట్టెలు కొట్టింది. ఆ చప్పుడుకు వీధిలో వాళ్లు ఎవరింట్లోనో పెళ్లనుకున్నారు. పుంటికూర తొక్కు, ఎల్లిగడ్డ కారం, మజ్జిగ అన్నీ సర్ది మూట కట్టింది. తను పొయ్యి మీద పురుగుకు చల్లే వేపాకు కషాయం మరిగిస్తోంది, దాన్ని వదిలిపెట్టి రాలేదు. అందుకని నన్ను పంపింది. నన్ను పంపడం ఆమె జీవితంలో చేసిన సాహసాల్లో మొదటిది కాదు, ఆఖరిదీ కాదు.

"పెద్దాయన తిన్నంకనే లేసి రా. నడిమిట్ల ముచ్చట్ల పడకు," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

స్కూటర్ మీద బయల్దేరాను. మోదుగ చెట్లు దారి పొడుగునా ఎర్రగా పూసి, ఊరంతటికీ ఒకేసారి పెళ్లి కుదిరినట్టు ఉన్నాయి. తుమ్మ చెట్టు కింద మంద ఆగి ఉంది. కాపరి పెద్దాయన మీసం చూసి నేను స్కూటర్ దూరంగానే ఆపాను. ఆ మీసానికి విడిగా ఒక గొంగడి కావాలి. ఆయన పక్కన మా అన్న కూర్చుని ఉన్నాడు. ఉగాది తెల్లారి కూరకు ఒక పొట్టేలును చూసుకుందామని వచ్చాడట, మంద సంగతి అతని మనసులోనే లేదు. చెరుకు వేసేవాడికి సంచి ఎరువు ఉండగా గొర్రెల వెంట తిరిగే ఖర్మ ఏమిటి?

ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ విషయం మీద నేను కూడా పండితుణ్ణే కాబట్టి కూర్చున్నాను. ఒక్క మాట చెబుదామని మొదలుపెట్టి, నా ఎడమ మోకాలి చరిత్ర కుడి మోకాలి దాకా వచ్చేసరికి అన్న ముక్కు మూట వైపు తిరిగింది.

"ఏం దెచ్చినవ్ తమ్మీ? వాసన ఈడిదాంక కొడుతుంది. తే ఇటు."

మా అన్నలో ఒక గుణం ఉంది. ఎక్కడ మూట కనిపించినా అతను ఇంటివాడైపోతాడు. ఎవరి పెళ్లికి పోయినా పంక్తిలో వడ్డించేది అతనే. సొంత పెళ్లిలో కూడా పీటల మీద నుంచి లేచి పప్పు బకెట్ అందుకున్నాడని మా వదిన ఇప్పటికీ చెబుతుంది. మూట విప్పాడు, మోదుగాకులు కోసి పరిచాడు, రొట్టెలు తీసి పెద్దాయన ముందు పెట్టాడు. నా చేతికి ఎల్లిగడ్డ కారం గిన్నె ఇచ్చి పట్టుకోమన్నాడు. నేను పట్టుకున్నాను. పెద్దలు చెప్పింది వినడం మా ఇంటి మర్యాద.

"తిను పెద్దాయనా. మా మరదలి చేతి రొట్టె. ఈ ఇలాకల గిసొంటి రొట్టె దొరకది," అని ఇంకోటి వేశాడు, ఇంకోటి వేశాడు.

పెద్దాయన తృప్తిగా తిన్నాడు. మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, కట్టె అందుకుని లేచి మా అన్న వంక తిరిగాడు.

"చేను యాడ పటేలా?"

మా అన్న ముఖంలో మొదట ఏమీ లేదు. తర్వాత విషయం అర్థమై నా వంక చూశాడు. నేను గిన్నె వంక చూశాను. గిన్నెకు కూడా అర్థమైనట్టే ఉంది.

రొట్టె మా ఇంటిదని, చేసింది మా ఆవిడని, తెచ్చింది నేనని, పెట్రోలు కూడా నాదేనని చెప్పుకున్నాను. పెద్దాయన అంతా ఓపికగా విన్నాడు.

"రొట్టె మీదే గావచ్చు పటేలా. పెట్టిన చెయ్యి ఈయనది. మా తాతల కాడికెళ్లి గిదే. రొట్టె ఎవలు జేసిన్రు, పిండి ఎవలు ఇసిరిన్రు అని ఇల్లిల్లు అడుగుకుంట పోతే గొర్లు ఎప్పుడు పండాలె?"

 అన్న కూడా పాపం ఒకటి రెండుసార్లు, మా తమ్ముడి చేనుకే తోలమని చెప్పి చూశాడు. పెద్దాయన వినలేదు. ఒకరి రొట్టె తిని ఇంకొకరి చేనులో పడుకుంటే గొర్రెలకు రోగం వస్తుందట. దాంతో మంద దుమ్ము లేపుకుంటూ వెళ్లి మా అన్న శనగ కోసిన చేనులో దిగింది. మా బాయికాడి చెక్క పక్కనుంచే వెళ్లింది. ఒక్క గొర్రె కూడా మొహమాటానికైనా మా నేల మీద ఆగలేదు.

ఇంటికొచ్చి విషయం చెప్పాను. మా ఆవిడ కషాయం తిప్పుతూనే ఉంది.

"బావ పెట్టిండా?"

"ఆ."

"మరి నీ చేతులు ఏం జేస్తున్నయ్?"

"ఎల్లిగడ్డ కారం పట్టుకున్నయ్."

ఆమె మళ్లీ కషాయం వైపు తిరిగింది. మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్న మా అమ్మ మాత్రం చెయ్యి ఆపింది.

"నీ పెండ్లి నాడు తాళి నీ చేతికే ఇచ్చిన్రు గనక సరిపాయె. మీ అన్న పక్కన్నే ఉండె," అంది.

అప్పుడు నవ్వింది మా ఆవిడ. కానీ ఆ నవ్వు తొందరగా అయిపోయింది. మాపున నేను ఆవులను కట్టేసి వస్తుంటే ఆమె బావి గట్టు మీద నిలబడి ఉంది. ముందు బాయికాడి చెక్క, పొడిగా, ఎర్రగా, ఖాళీగా. అవతల అన్న చేనులో గొర్రెలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సర్దుకుంటున్నాయి. విత్తనం అల్లం ఆమె వేపచెట్టు నీడన ఎండుటాకు కింద దాచిపెట్టింది, దానికి అప్పుడే మొలక కళ్లు తెరుస్తున్నాయి. ఈసారి కూడా అల్లం సన్నగా వస్తే ఊరుకుంటుందేమో గానీ, అసలు పెట్టకుండానే నేల చేజారితే మళ్లీ అడగడానికి ఆమెకు నోరు రాదు. అది నాకు తెలుసు. అందుకని నేను జోకు వేయలేదు. నేను జోకు వేయకపోవడం చూసి ఆమె భయపడి, నాకు జ్వరం వచ్చిందేమోనని నుదురు ముట్టి చూసింది.

ఇక అన్న అవస్థ మొదలైంది. అడక్కుండా వచ్చిన ఎరువును వదులుకోవడానికి అతనికి మనసొప్పలేదు. మంద వచ్చిన చేను వాళ్లు ప్రతిరోజూ రొట్టె పెట్టాలి, వాళ్లు పెడుతున్నంతకాలం ఇంకొకరు మధ్యలో పెట్టరాదు. పెట్టకపోతే మంద లేస్తుంది. కోహీర్ వైపు జామతోటల వాళ్లు ఉగాది రోజున రమ్మని ముందే చెప్పి ఉంచారు, పిలిస్తే కాపర్లు ఇంకా ముందే పోతారు. మా వదిన ఏమో ఆరుగురు కాపర్లకు జొన్న రొట్టెలు కొట్టే ఓపిక తనకు లేదని, గొర్రెలు తెచ్చుకున్నవాడే రొట్టెలు కొట్టుకోవాలని గదిలోకి పోయి తలుపేసుకుంది.

మొదటి రోజు అన్న జహీరాబాద్ హోటల్ నుంచి బిర్యానీ తెచ్చాడు. కాపర్లు మర్యాదగా తిన్నారు. మర్నాడు మంద కంటే ముందు వాళ్లే చెట్ల చాటుకు పరుగెత్తారు. రెండో రోజు తందూరీ రొట్టెలు తెచ్చాడు. పెద్దాయన ఒకటి కొరికి, పక్కకు పెట్టి, మిగతావాటిని మడిచి నీళ్ల బిందె కింద తలమీద చుట్టకుదురులా పెట్టుకున్నాడు. ఆ పనికి అవి బాగా పనికొచ్చాయట. ఆ తర్వాత అన్న తనే కూర్చుని జొన్నపిండి కలిపాడు. రొట్టె కొట్టడం మొదలుపెట్టాడు. పెనం మీద వేసేసరికి అది మధ్యలో చినిగి, బీదర్ ఒక పక్కన, జహీరాబాద్ ఒక పక్కన అయింది. మా వదిన తలుపు సందులోంచి చూసి మళ్లీ మూసుకుందట.

ఈ లోపల అతని శనగ చేను మాత్రం రోజురోజుకీ నల్లబడుతోంది. మా చెక్క అలాగే ఉంది.

ఆ సాయంత్రమే అన్న మా ఇంటికి వచ్చాడు. చేతులకు ఇంకా పిండి ఉంది. మా అమ్మ మంచం మీద, మా ఆవిడ పొయ్యి దగ్గర, నేను ఎవరూ నన్ను చూడకూడదనుకునే చోట. అన్న చాలాసేపు ఎండ గురించి మాట్లాడాడు. తర్వాత మామిడి పిందె రాలడం గురించి మాట్లాడాడు. అప్పుడు మా ఆవిడ వైపు తిరిగితే అసలు మాట బయటపడింది.

"అమ్మా, జర ఈ పూటకు రొట్టెలు చేసియ్యి. లేకుంటే వాళ్లు పొద్దుగాల కోహీర్ దారి పడతరు."

మా ఆవిడ పొయ్యిలోకి ఒక కట్టె తోసింది.

"చేస్త బావా. ఎన్నంటే అన్ని చేస్త. కని నేనే వచ్చి పెడత."

అన్న తల గోక్కున్నాడు, జుట్టంతా పిండి. ఆమె చేతితో పెడితే మంద లేచి మా చెక్కలోకి వస్తుందని అతనికి తెలుసు. చెక్కకు ఎరువు పడితే అతని చెరుకు పోతుందనీ తెలుసు. మా అమ్మ చింతపండు మీద నుంచి కళ్లెత్తలేదు. తీర్పు చెప్పేవాళ్లు మధ్యలో మాట్లాడరాదని ఆమెకు ఒక పట్టింపు.

"ఏం జేస్త ఇగ. పోతే ఇద్దరికి లేకుంట పోతయి. పెట్టు," అన్నాడు అన్న. లేచేటప్పుడు పొయ్యి దగ్గర రొట్టె ఒకటి తీసుకుని నిలబడే తినేశాడు. పాపం, మూడు రోజులుగా అతను కూడా కాపర్లకు పెట్టిందే తింటున్నాడు.

ఆ రోజు నుంచి మాపు కాగానే మా ఆవిడ సద్ది మూట తలకెత్తుకుని ముందు, నేను మజ్జిగ చెంబుతో వెనక, మా ఇద్దరి వెనక మా కుక్క. పెద్దాయన ఆమెను తాయీ అని పిలిచేవాడు. అది వాళ్ల వైపు మాటట, అమ్మా అని. నన్ను మాత్రం ఎల్లిగడ్డ పటేలు అనేవాడు. ఆమె వడ్డించేటప్పుడు నా చేతికి గిన్నె కూడా ఇచ్చేది కాదు, దూరంగా కూర్చోమనేది. మొదటి రాత్రి మంద బావి పక్క నుంచి మొదలుపెట్టింది. పొద్దున్నే ఆమె పోయి చూసి వచ్చి, వచ్చేటప్పుడు పాట పాడుతూ వచ్చింది. ఆమె పాట పాడగా నేను పెళ్లైన కొత్తలో విన్నాను. అప్పటికంటే ఇప్పుడు గొంతు బాగుంది, గొర్రెల మహిమ.

రాత్రి రాత్రికీ మంద ఒక్కో పట్టె జరుగుతూ పోయింది. నల్లని పట్టె పెరుగుతూ, ఎర్రని పట్టె తరుగుతూ వచ్చాయి. నేను రోజూ పొద్దున గట్టు మీద నుంచి ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి కొలిచేవాణ్ణి. ఎలా మూసినా ఉగాది ముందుగానే వచ్చేట్టుంది. ఆ ఏడాది పంచాంగం రాసినాయన చెరుకు రైతేమోనని నాకు అనుమానం.

ఉగాది రానే వచ్చింది. చెక్కలో సగానికి కాస్త ఎక్కువ అయింది. మిగతాది బోసిగా ఉంది. కాపర్లు గొంగళ్లు చుట్టి, వలలు పీకి, గాడిద మీద ఎక్కించారు, కోహీర్ ప్రయాణానికి.

మా అమ్మ పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, చేను దాకా నడిచి వచ్చింది. వెనకాల అన్న కూడా వచ్చాడు. కొత్త బట్టల మీద ఉన్నాడు కాబట్టి గట్టు మీదే నిలబడ్డాడు. అమ్మ బావి పక్కన చెప్పులు విడిచింది. ఎరువు పడిన నేల మీద ఉత్త కాళ్లతో ఈ చివర నుంచి నల్లని పట్టె ఆగిన చోటు దాకా నడిచింది. అక్కడ ఆగింది. ఎర్రని నేల మీద ఒక కాలు పెట్టి, తీసి, మళ్లీ నల్లని పట్టె మీద పెట్టింది.

మా ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. తుడవడానికి చేతులకు ఏమీ లేదు.

"సగమే అయ్యింది అత్తమ్మా," అంది.  రొట్టెల సంగతి ఎత్తలేదు, నా సంగతి ఎత్తలేదు, బావ సంగతి ఎత్తలేదు. నేను అయితే మోకాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి ఉండేవాణ్ణి.

"కండ్లు కనవడుతనే ఉన్నయ్," అంది అమ్మ. చెప్పులు వేసుకుని, మూటలు కడుతున్న కాపర్ల దగ్గరకు పోయింది. పండుగ పూట ఉత్త కడుపుల్తో దారి పట్టొద్దని, ఉగాది పచ్చడి తాగి, బొబ్బట్ల లాంటి పోలెలు తిని పొమ్మని వాళ్లను ఇంటికి పిలిచింది. పండుగ నాడు పిలిస్తే కాదనేవాళ్లు మా వైపు లేరు.

వాకిట్లో వరసగా విస్తళ్లు వేశాం. అన్న అలవాటు కొద్దీ నెయ్యి గిన్నె కోసం చెయ్యి చాచాడు. మా అమ్మ ఆ చేతిని చూసింది, అంతే. అది వెనక్కి వెళ్లి అతని వీపు వెనకాల దాక్కుంది. మా ఆవిడ పోలెల పళ్లెం అందుకోబోయింది. ఆమె చేతిలోంచి కూడా అమ్మ తీసుకుంది. మా అమ్మ నడుము వంచి వడ్డించడం నేను చూసి చాలా కాలమైంది. నడుము నొప్పి అని అటక మీది డబ్బా కూడా నన్నే తీయమంటుంది. ఆ రోజు మాత్రం ఆరు విస్తళ్ల ముందు ఆరుసార్లు వంగి, పోలెలు వేసి, పాలు పోసి, నెయ్యి పోసింది. పెద్దాయనకు రెండోసారి, మూడోసారి కూడా వేసింది.

పెద్దాయన తిన్నాడు. మీసానికి అంటిన బెల్లం తుడుచుకున్నాడు. మా అమ్మ ముఖంలోకి చూసి, మీసం కింద నవ్వుకుని అడిగాడు.

"చేను యాడ అవ్వా?"

"బాయికాడి చెక్క. మిగిలిన సగం," అంది అమ్మ.

అన్న కదిలాడు. "చిన్నమ్మా, ఉగాది దాంక అంటివి గదా?"

"ఉగాది అయిపోయిందా? పొద్దు ఇంక నెత్తి మీదనే ఉన్నది."

"ఒక్క రాత్రికి అంత అయితదా?"

"ఇయ్యాల అయినంత అయితది. రేపు కూడ నా చేతిదే తింటరు, ఎల్లుండి కూడ తింటరు. కోహీరోళ్లకు నేను చెప్పి పంపుత. పిల్ల పదొద్దుల సంది పొగల కూసొని రొట్టెలు కొడుతుంది. నాకు ఆ మాత్రం నడుము వంగదా?"

 అన్న చెడ్డవాడు కాదు, చెరుకువాడు, అంతే. పోలెల పళ్లెంలో మిగిలినవి రెండూ మడిచి నోట్లో పెట్టుకుని, నములుతూనే నా వంక చూసి కళ్లెగరేశాడు. తీర్పు మీద అప్పీలు లేదని నేనూ కళ్లతోనే చెప్పాను.

మా ఆవిడ వంటింట్లోకి పోయింది. నేను వెనకాల పోయాను. పప్పు కుండ మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. ఏడవడం లేదు. ఎత్తు మడులు ఎన్ని అడుగుల వెడల్పు కట్టాలో, బావి వైపు నుంచి కట్టాలా అవతలి నుంచి కట్టాలా అని తనలో తనే లెక్క వేసుకుంటోంది. నన్ను చూసి, పార ఎక్కడ పెట్టానని అడిగింది. పండుగ పూట పార అడిగే మనిషి ఈ మండలంలో ఇంకొకరు ఉండరు.

కాపర్లు మిగతా సగం కూడా నింపి, పండుగ పోయిన చాలా రోజులకు గానీ కదల్లేదు. ఆ రోజులన్నీ మా ఇంట్లో పోలెలే. నా చొక్కా గుండీలు రెండు రాజీనామా ఇచ్చాయి. మా అమ్మ నడుము మాత్రం బాగుపడింది. రోజూ వంగి వడ్డిస్తే పోయిందట, దవాఖానకు ఇన్నాళ్లూ ఊరికే తిరిగానని అంటోంది.

ఎత్తు మడులు కట్టి, అల్లం ముక్కలు పెట్టడం అయిన రోజు మధ్యాహ్నం హైవే వైపు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ మీద ఎండు చెరుకాకు తాటిచెట్టంత ఎత్తు పేర్చి ఉంది. దారిలో కరెంటు తీగలకు రాసుకుని వచ్చినట్టుంది. నడుపుతున్నది అన్న. ఏటా అతను చెరుకు కొట్టాక ఆ ఆకు తగలబెడతాడు, ఊరంతా రెండు రోజులు దగ్గుతుంది. ఈసారి తగలబెట్టకుండా తెచ్చాడు. అల్లం మడుల మీద కప్పితే ఎండకు నేల ఆరిపోకుండా ఉంటుందని ఎవరో చెప్పారట. ఎవరో అన్నప్పుడు మా ఆవిడ వంక చూడలేదు కాబట్టి ఆ ఎవరో ఆమేనని నాకు తెలిసిపోయింది.

"యాడ పొయ్యాలె అమ్మా?" అని ట్రాక్టర్ మీద నుంచే అడిగాడు.

మా ఆవిడ మడుల మధ్యలో నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆఖరున మంద కూర్చున్న వైపు చూపించింది.

"ఆడికెళ్లి మొదలువెట్టు బావా. ఆ దిక్కు ఎండ ఎక్కువ."

అన్న ట్రాలీ వెనక్కి తిప్పుతూ తన శనగ చేను వైపు ఒకసారి చూశాడు. నేల నల్లగా, మెత్తగా ఉంది. "ఈసారి గా చేనుకు సంచులు తెస్తలేను తమ్మీ," అన్నాడు నాతో, గొంతు తగ్గించి, ఎవరైనా వింటే పరువు పోతుందన్నట్టు. తర్వాత కిందికి దూకి, కట్టె అందుకుని, చెరుకాకు కిందికి తోయడం మొదలుపెట్టాడు. నేను కూడా పట్టాను. ఆకు గీరుకుని నా చేతులు వాటితో పిల్లులు ఆడుకున్నట్టు అయ్యాయి. మా అమ్మ బావి గట్టు మీద కూర్చుని, ఇంకా పలుచగా పరవమని ఒకసారి, ఇంకా మందంగా పరవమని ఒకసారి అరుస్తూనే ఉంది. మా ఆవిడ ఒక్కో మడి దగ్గరా వంగి, మొలక కళ్ల మీద బరువు పడకుండా ఆకు సర్దుకుంటూ పోతోంది.